పుంజు రంగూ మనిషి పరుగూ

సాహిత్య విమర్శ పత్రికలో ఆటల ప్రసక్తి ఏమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. అడగడం న్యాయమే. నేను ఆటగాణ్ణి కాను, గట్టు మీద కూచుని చూసినవాణ్ణి. అయితే ఒక మనిషిని ఎదుట నిలబెట్టి, ఎగాదిగా చూసి, వీడు పనికొస్తాడు, వీడు పనికిరాడు అని తేల్చే పని మనకు కొత్తది కాదు. కవితా సంకలనం వేసేటప్పుడు మనం చేసేది అదే. బహుమతికి కథలు ఎంపిక చేసేటప్పుడు చేసేదీ అదే. ఆ తేల్చే చూపు ఎక్కణ్ణించి వస్తుంది, ఎవరి అవసరం తీరుస్తుంది అన్న ప్రశ్న ఆటల చరిత్రలో బట్టబయలుగా కనబడుతుంది. సాహిత్యంలో మర్యాదలు అడ్డొచ్చి అంత స్పష్టంగా కనబడదు. అందుకే ఈ వ్యాసం.

మా పెనుగొండ ప్రాంతంలో ఈ విద్యకు పాత పాఠ్యగ్రంథమే ఉంది. దాని పేరు కుక్కుట శాస్త్రం. సంక్రాంతికి నెల ముందు నించీ డెల్టాలో ఏ అరుగు మీద చూసినా దీని మీదే చర్చ. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, మైల, అబ్రాసు, రసంగి అని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు. ఏ వారం, ఏ జామున, ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుందో శాస్త్రంలో రాసి ఉంటుంది. కోర్టులు వద్దన్నా, పోలీసులు హెచ్చరించినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. తమాషా ఏమిటంటే, శాస్త్రం గెలుస్తుందన్న పుంజు ఓడిపోయినప్పుడు శాస్త్రానికి వచ్చే నష్టమేమీ లేదు. ముహూర్తం తప్పిందంటారు. రంగులో కల్తీ ఉందంటారు. ఆ పుంజుకు మేత పెట్టినవాణ్ణి, కాలవలో ఈత కొట్టించినవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. అతను చాలాసార్లు కూలికి పెంచినవాడే. ఏ కాలు బలహీనమో, ఏ అదటుకు బెదురుతుందో అతనికి తెలుసు. పందెం కాసే కామందుకు రంగు తెలుసు. బరి దగ్గర చెల్లేది కామందు తెలివే.

పుంజు రంగు చూసి పందెం కాసే మనల్ని చూసి నవ్వగల నాగరికులు, మనిషి రంగు చూసి అతణ్ణి బరిలోకే రానివ్వని కథ ఒకటుంది. అది అమెరికా ఫుట్‌బాల్ కథ. మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకుంటాం. అమెరికావాళ్ళది కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, గుద్దుకుంటూ ముందుకు తోసుకుపోయే ఆట. ఆ ఆటకు పాఠశాల విశ్వవిద్యాలయం. వేలాది మంది టిక్కెట్లు కొని కాలేజీ ఆటలు చూస్తారు. ఆడే విద్యార్థికి మాత్రం చాలాకాలం జీతం పేరుతో పైసా ముట్టేది కాదు. చదువు ముగిశాక వృత్తి క్లబ్బులు ఏడాదికోసారి సమావేశమై, వంతులవారీగా ఆ విద్యార్థులను పంచుకుంటాయి. దీనికే డ్రాఫ్టు అని పేరు.

మొదటి డ్రాఫ్టు 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగింది. దాన్ని ప్రతిపాదించినవాడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్లబ్బు యజమాని బెర్ట్ బెల్. ఆయన జట్టు అప్పట్లో అట్టడుగున ఉండేది. అంతకు ముందు మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆటగాడొకణ్ణి చేర్చుకోవాలని పోటీలు పడి, వేలంలో ఓడిపోయాడు. అందుకని ఓడిన జట్టుకు మొదటి ఎంపిక ఇవ్వాలన్నాడు. చెప్పుకోడానికి ఇది సమన్యాయం లాగే ఉంటుంది. కాని దీని అసలు ఫలితం వేరు. ఎంపికైన కుర్రాడు ఇక ఆ ఒక్క క్లబ్బుతోనే బేరమాడాలి. యజమానులు ఒకరి మీద ఒకరు పాడుకోవడం ఆగిపోయింది, జీతం అదుపులోకి వచ్చింది. పాలేరు జీతం ఎంతో ఊళ్ళో రైతులంతా రచ్చబండ దగ్గర కూచుని ముందే అనుకోవడం మన డెల్టాకు తెలియనిది కాదు. 1976లో ఒక అమెరికన్ న్యాయస్థానం ఈ పద్ధతి చట్టవిరుద్ధమనే తేల్చింది. మరుసటి ఏడాది ఆటగాళ్ళ సంఘంతో కుదిరిన ఒప్పందం ఆసరాతో అది మళ్ళీ నిలబడింది.

ఆ మొదటి డ్రాఫ్టులో తొమ్మిది క్లబ్బులు 81 మందిని ఎంచుకున్నాయి. ఎలా? నల్లబల్ల మీద ఓ తొంభై పేర్లు రాశారు. ఆ పేర్లు ఎక్కువగా వార్తాపత్రికల్లోంచి వచ్చినవే. స్కౌటులంటే ఊరూరా తిరిగి ఆటగాళ్ళను వెదికేవాళ్ళు. అప్పటికింకా ఏ క్లబ్బుకూ అలాంటి విభాగం లేదు. న్యూయార్క్ జెయింట్స్ యజమాని కొడుకు వెల్లింగ్టన్ మారా విద్యార్థిగా ఉండగానే దేశం నలుమూలల పత్రికలు తెప్పించుకుని, ఆటగాళ్ళ పేర్లు అట్టముక్కల మీద రాసి పెట్టుకునేవాడు. అదే అప్పటికి పెద్ద విజ్ఞానం. మొట్టమొదట ఎంపికైన జే బెర్‌వాంగర్ చికాగో విశ్వవిద్యాలయం విద్యార్థి, 1935లో ఉత్తమ ఆటగాడిగా బహుమతి పొందినవాడు. అతను వృత్తి ఆట ఆడనే లేదు. జీతం విషయం తేలక వేరే ఉద్యోగం చూసుకున్నాడు. డ్రాఫ్టు చరిత్ర మొదటి పేరుతోనే తప్పింది!

అయితే ఆ నల్లబల్ల మీద లేని పేర్ల సంగతి చూడాలి. 1933 దాకా ఆ లీగులో ఒకరిద్దరు నల్లజాతి ఆటగాళ్ళుండేవారు. 1934 నించి 1945 దాకా ఒక్కరూ లేరు. ఏ కాగితం మీదా నిషేధం లేదు. యజమానులంతా కలిసి ఊరుకున్నారు, అంతే. కెనీ వాషింగ్టన్ 1939లో లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయానికి ఆడుతూ దేశంలోనే మేటి అనిపించుకున్నాడు. ఆ ఏడాది డ్రాఫ్టులో అతణ్ణి ఎవరూ పిలవలేదు. ఈ గోడ ఎలా కూలిందో రచయితలు తప్పక తెలుసుకోవాలి. 1946లో క్లీవ్‌లాండ్ రామ్స్ జట్టు లాస్ ఏంజిలిస్‌కు తరలి వచ్చి, అక్కడి కొలీజియం మైదానం కావాలంది. అది ప్రజల పన్నులతో కట్టిన మైదానం. నల్లవాళ్ళ పత్రిక లాస్ ఏంజిలిస్ ట్రిబ్యూన్ విలేకరి హాలీ హార్డింగ్ మైదానం కమిటీ సమావేశంలో లేచి నిలబడి, మా డబ్బుతో కట్టిన మైదానంలో మావాళ్ళను ఆడనివ్వరా అని నిలదీశాడు. రామ్స్ కెనీ వాషింగ్టన్‌ను తీసుకోక తప్పలేదు. అప్పటికి అతనికి ఇరవయ్యెనిమిదో ఏడు నడుస్తోంది, మోకాళ్ళు చెడిపోయాయి. మేలైన సంవత్సరాలన్నీ లెక్కలోకి రాకుండానే కరిగిపోయాయి.

తలుపు తెరుచుకున్న తర్వాత చూపు మారిందా? మారలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు వేరే కాలేజీలుండేవి. పేద కాలేజీలు. స్కౌటులు అటు తొంగిచూసేవారు కాదు. ఈ దశలో చూపు స్థానంలోకి కొలత వచ్చింది. క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ నలభై గజాల పరుగుకు గడియారం పెట్టడం మొదలుపెట్టాడంటారు. నలభై గజాలంటే సుమారు ముప్పయ్యారున్నర మీటర్లు. ఇవాళ్టికీ ఆ పరుగే డ్రాఫ్టు ముందు పరీక్షల్లో పెద్దపీట వేసుకుని కూచుంది. 1960ల మొదట్లో డాలస్ కౌబాయ్స్ క్లబ్బు కంప్యూటరు తెచ్చింది. అక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. ఆ కంప్యూటరు పద్ధతిని తయారుచేసినవాడు మన దేశం నించి వెళ్ళిన సలాం ఖురేషీ, అలీగఢ్‌లో చదువుకున్న గణాంకవేత్త. ఆయనకు క్రికెట్ తెలుసు గాని ఆ ఆట ఓనమాలు తెలియవు. స్కౌటులు చెప్పే వందలాది లక్షణాలను వడపోసి చివరికి ఐదు చేశారు. శీలం, చురుకుదనం, పోటీ పడే పట్టుదల, బుద్ధి సూక్ష్మత, బలం. ఖురేషీకి ఎదురైన అసలు చిక్కు లెక్కలతో రాలేదు, మాటలతో వచ్చింది. ఒక స్కౌటు “చురుకైనవాడు” అంటే మరొకరి భాషలో అది “మామూలువాడు” కావచ్చు. మాటకు అందరికీ ఒకే అర్థం వచ్చేలా ప్రశ్నలు రాయడానికే పెద్ద శ్రమ పట్టింది. అలంకార శాస్త్రం చదివినవాళ్ళకు ఈ తిప్పలు కొత్తవి కావు. “ధారాశుద్ధి” అనే మాటను మన విమర్శకులు ఎన్ని రకాలుగా వాడారో లెక్క తీస్తే ఆ కంప్యూటరు కూడా చేతులెత్తేసేది.

1982 నించి ఎంపిక కాబోయే విద్యార్థులను ఒకచోట చేర్చి పరీక్షించడం మొదలైంది. 1987 నించి ఇది ఇండియానాపొలిస్ నగరంలో జరుగుతోంది. ఎత్తు, బరువు, అరచెయ్యి వెడల్పు కొలుస్తారు. నిలబడ్డ చోటనించి ఎంత ఎగిరాడో చూస్తారు. 225 పౌన్ల ఇనుము, అంటే దాదాపు 102 కిలోలు, పడుకుని ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కపెడతారు. లోదుస్తులతో వేదిక ఎక్కించి తిప్పి తిప్పి చూస్తారు. మన సంతలో ఎద్దు పళ్ళు చూసి, సుడులు చూసి, తువాలు కింద వేళ్ళు నొక్కి బేరం చేసే దళారి కళ్ళ ముందు మెదులుతాడు. ఇంతా చేసి 2000 సంవత్సరంలో టామ్ బ్రేడీ అనే కుర్రాడు నలభై గజాలు 5.28 సెకన్లలో పరిగెత్తాడు. నత్తనడక అన్నారు. 198 మందిని ఏరుకున్న తర్వాత 199వ పేరుగా తీసుకున్నారు. అతను ఏడు లీగు ఛాంపియన్‌షిప్పులు గెలిచాడు. కుక్కుట శాస్త్రానికి వచ్చిన నష్టమెంతో గడియారానికీ అంతే. మరుసటి ఏడాది మళ్ళీ అదే పరుగు.

ఈ కొలతల కథలో ఒక మనిషి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన పేరు బిల్ నన్. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ళ వారపత్రికలో క్రీడల సంపాదకుడు. 1950 నించి ఏటా నల్ల కాలేజీల్లో ఆడే మేటి ఆటగాళ్ళ జాబితా తన పత్రికలో ప్రకటించేవాడు. అందుకోసం దక్షిణాది ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఆ కాలేజీల కోచ్‌లు ఆయనకు స్నేహితులు. వాళ్ళ వంటింట్లో కూచుని కబుర్లాడుతూ, ఏ కుర్రాడికి ఏ దెబ్బ తగిలి ఎలా లేచాడో వినేవాడు. పెద్ద పత్రికలు చూడని జాబితా అది. వృత్తి క్లబ్బులూ చూడలేదు. సొంత ఊరి క్లబ్బు స్టీలర్స్‌ మీద ఆయన తన పత్రికలో విసురుగా రాసేవాడు. చివరికి ఆ క్లబ్బు యజమాని కొడుకు డాన్ రూనీ ఆయన్ను పిలిచి, మా దగ్గర పనిచెయ్యమన్నాడు. 1960ల చివర్లో నన్ స్టీలర్స్ స్కౌటు అయ్యాడు.

1974 డ్రాఫ్టుకు ముందు జరిగినట్టు చెప్పుకునే సంగతి ప్రసిద్ధం. అలబామాలోని ఒక నల్ల కాలేజీలో జాన్ స్టాల్‌వర్త్ అనే బంతి అందుకునే ఆటగాడున్నాడు. నాలుగైదు క్లబ్బుల స్కౌటులు కలిసి వెళ్ళి పరిగెత్తించారు. నేల తడిసి జారుతోంది. పరుగు మందంగా వచ్చింది. అందరూ అంకె రాసుకుని వెళ్ళిపోయారు. నన్ ఒంట్లో బాగాలేదని చెప్పి ఊళ్ళోనే ఉండిపోయాడు. మర్నాడు ఆ కుర్రాణ్ణి పొడి నేల మీదికి తీసుకెళ్ళి మళ్ళీ పరిగెత్తించాడు. అసలు వేగం బయటపడింది. కాలేజీ ఇచ్చిన ఆట ఫిల్మును తన క్లబ్బుకు పట్టుకెళ్ళాడు. ఆ ఏడాది స్టీలర్స్ ఏరుకున్నవారిలో స్టాల్‌వర్త్‌తో కలిపి నలుగురు తర్వాత ఆ ఆట కీర్తిమందిరంలో చేరారు. డ్రాఫ్టులో ఎవరికీ అక్కరలేకపోయిన మరో నల్ల కాలేజీ కుర్రాడు డానీ షెల్‌నూ తెచ్చుకున్నారు, అతనూ చేరాడు. ఆరేళ్ళలో నాలుగు ఛాంపియన్‌షిప్పులు. నన్ 2014లో పోయాడు, 2021లో ఆయన పేరూ కీర్తిమందిరం ఎక్కింది.

ఈ కథ చెప్పేవాళ్ళు నన్ తెలివిని మెచ్చుకుని ఊరుకుంటారు. మెచ్చుకోవలసిందే. గడియారం చెప్పిన అంకె వెనక తడినేల ఉందని చూసిన కన్ను ఆయనది. అంకెకు ఊరు, వాన, బూట్లు, తిండి ఉంటాయని గుర్తించినవాడు. కాని నాకు మరో సంగతి కూడా కనబడుతుంది. విలేకరిగా ఉన్నప్పుడు నన్ తనకు తెలిసినదంతా అచ్చువేసేవాడు. అణా పెట్టి పత్రిక కొన్నవాడికల్లా తెలిసేది. ఎవరూ వినలేదు. క్లబ్బులో చేరాక అదే తెలివి రహస్యమైంది. ఫిల్మును దాచాల్సి వచ్చింది, జబ్బు నటించాల్సి వచ్చింది. మిగతా క్లబ్బులు ఆ అసలు వేగం సంగతి తెలుసుకుని ఉంటే స్టాల్‌వర్త్‌ను ఇంకా ముందే పిలిచేవి, అతని జీతం ఇంకాస్త పెరిగేది. తనను సరిగ్గా చూసిన ఒక్క కన్నూ యజమాని పెట్టెలో ఉండడం వల్ల ఆ కుర్రాడు నాలుగో వంతులో, తక్కువ ధరకు పోయాడు. ఇది నన్ మీద నేరారోపణ కాదు. ఆయన లేకపోతే ఆ కుర్రాళ్ళలో చాలామందిని ఎవరూ చూసేవారే కాదు. ఒక మంచి చూపు ప్రజల ఆస్తిగా ఉన్నంతకాలం చెల్లక, ప్రైవేటు ఆస్తి అయిన క్షణాన చెల్లుబాటు కావడం ఎలాంటి వ్యవస్థలో జరుగుతుందో మాత్రం మనం ఆలోచించాలి.

ఇక మన గడ్డకు వద్దాం. మన ఫుట్‌బాల్ కాలితో తన్నేదే. దానికి హైదరాబాదు ఒకప్పుడు రాజధాని. అక్కడ అదే కాలంలో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నించి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నించి వరసగా అయిదేళ్ళు, 1954 దాకా, బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కానిస్టేబుల్ జీతగాళ్ళు కలకత్తా పెద్ద క్లబ్బులను ఓడించారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. తర్వాత ఆ మెట్టు మనకు అందలేదు.

రహీం కూడా ఆటగాళ్ళను ఏరేవారే. కాని ఆయన ఏరిన తీరు గమనించండి. ఆయన పెట్టించిన పోటీలు విచిత్రమైనవి. ఒకదాంట్లో బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ తీసుకుపోకూడదు, అందగానే మరొకరికి అందించాలి. మరొకదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడికి ఎడమకాలు, ఎడమకాలి వాటం వాడికి కుడికాలు. ఇవి పరీక్షలే, కాని ఆ పరీక్ష రాయడంలోనే కుర్రాడికి లేనిది వస్తుంది. ఇండియానాపొలిస్ పరీక్ష ఉన్నదాన్ని కొలిచి అంకె చేతికిచ్చి పంపుతుంది, ఆ తర్వాత కుర్రాడి గతి అతనిది. రహీం పరీక్షలో ఓడినవాడు కూడా రెండోకాలు నేర్చుకుని ఇంటికి పోతాడు. బడిపంతులు పెట్టిన పరీక్షకూ గుమాస్తాలను తీసుకోడానికి పెట్టిన పరీక్షకూ ఉన్న తేడా అది.

తులసీదాస్ బలరాం సంగతి చూడండి. 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద కుటుంబం. అతని ఆట రహీం కంట పడింది. హైదరాబాదు రమ్మంటే రాను పోను డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకు రహీమే డబ్బులిచ్చి రప్పించారని చెబుతారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు అదే 1956లో మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్ళు కొట్టాడు. జకార్తా స్వర్ణం జట్టులోనూ ఉన్నాడు. గడియారం పట్టుకు కూచున్నవాడి దగ్గరికి బలరాం వచ్చేవాడే కాదు. రాగలిగినవాళ్ళను మాత్రమే కొలిచే విద్య, రాలేనివాడి గురించి ఏమీ చెప్పదు. మన సాహిత్య సభలకు రాగలిగినవాళ్ళనే యువకవులుగా లెక్కించడం కూడా ఈ కోవలోదే. బస్సు టిక్కెట్టు దగ్గర ఆగిపోయిన కవుల జాబితా ఎవరి దగ్గరుంది?

రహీం 1963 జూన్‌లో ఊపిరితిత్తుల కాన్సరుతో చనిపోయారు. బడిపంతులు పెంచిన పంటను ఎవరు కోసుకున్నారన్నది వేరే అధ్యాయం, కొంత చెప్పక తప్పదు. కలకత్తా క్లబ్బులు దక్షిణాది ఆటగాళ్ళ కోసం ముందునించీ వల వేసి ఉండేవి. 1940ల చివర్లో, 50ల మొదట్లో ఈస్ట్ బెంగాల్ జట్టులో “పంచ పాండవులు” అని పేరుపడ్డ అయిదుగురూ దక్షిణాదివాళ్ళే. అందులో ఒకరి పేరు అప్పారావు. ఆ పేరు వింటే మన వీధిలో మనిషిలా ఉంటాడు! క్లబ్బులు మారే కాలం వస్తే ఏజెంట్లు ఆటగాళ్ళను రైలు దిగీదిగగానే ఎత్తుకుపోయి, సంతకం పడేదాకా ఏ ఇంట్లోనో దాచేవారు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ అందరూ అదే దారి. 1977లో పెలే జట్టు కలకత్తా వచ్చి మోహన్ బగాన్‌తో 2-2గా తేల్చుకున్నప్పుడు బగాన్ గోళ్ళలో ఒకటి కొట్టింది హైదరాబాదు హబీబే. వాళ్ళు వెళ్ళడాన్ని తప్పుపట్టలేం, కడుపు నిండాలి. కాని ఏరుకునేవాళ్ళు కలకత్తాలో పెరిగారు, పెంచేవాడు హైదరాబాదులో పోయాడు. పెంచే చూపుకు వారసుల్ని తయారుచేసే ఏర్పాటు ఏదీ జరగలేదు. నారుమడి లేకుండా కోతలు ఎన్నాళ్ళు సాగుతాయో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా ఊరి ఆట. చెడుగుడు. కోతలైపోయిన చేలల్లో, ఏటి ఇసకలో, కాలవ గట్ల పక్కన దీనికి ఖర్చు లేదు. బంతి అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. అందుకనే ఇది కూలివాళ్ళ పిల్లల ఆటగా నిలిచింది. మా చిన్నతనంలో పెద్దలు ఆటగాణ్ణి అంచనా కట్టడానికి మొదట చూసేది కండ కాదు, వినేది కూత. కూత తెగకుండా ఎంతసేపు నిలుపుతాడు? పట్టుబడినప్పుడు గొంతు మారుతుందా? కళ్ళు మూసుకుని కూత విని “వీడు గీత ముట్టుకుంటాడు” అని చెప్పగలిగిన ముసలివాళ్ళుండేవారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు.

2014లో ఈ ఆటకు ప్రో కబడ్డీ లీగు వచ్చింది. కూతకు ముప్పయి సెకన్ల గడియారం వచ్చింది. ఆటగాళ్ళకు వేలంపాట వచ్చింది. మొదటి వేలంలో ఎక్కువ ధర రాకేశ్ కుమార్‌కు, 12 లక్షల 80 వేలు. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకు పెట్టింది. అప్పటికి అదే రికార్డు. ఆ సీజనులో జట్టు 22 ఆటలాడి రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఇది పవన్ తప్పని నేను అనను. ఏడుగురు ఆడే ఆటలో ఒక్కడికి వెల కట్టే శాస్త్రం తప్పు. కూలివాడి కొడుక్కి రెండు కోట్లు రావడం చెడ్డా అని మిత్రులు నిలదీస్తే నా దగ్గర సులువైన జవాబు లేదు. రావాలి. ఆ డబ్బుతో ఇళ్ళు లేచాయి, అప్పులు తీరాయి. అమెరికా డ్రాఫ్టులో యజమాని ఒక్కడే, మన వేలంలో పదిమంది పాడతారు. ఆ మేరకు ఆటగాడికి ఇదే నయమని కూడా ఒప్పుకోవాలి.

కాని వేలానికి ముందు జరిగే వడపోత సంగతి? 2022 వేలానికి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో చివరి ఆటకు చేరిన రెండు జట్ల నించి 24 మంది విద్యార్థులను చేర్చారు. మంచి పనే. కాలేజీ నించి వృత్తి ఆటకు మన దేశంలో ఒక దారి పడింది. అయితే చివరి ఆటకు చేరిన జట్లు ఎక్కడివో చూడండి. మంచి మైదానం, శిక్షకుడు, పరుపులు, పాలూ గుడ్లూ సమకూర్చగల విశ్వవిద్యాలయాలే అక్కడికి చేరతాయి. మూడో ఆటలోనే ఓడిన జట్టులో ఎనిమిదో మనిషిగా కూచున్నవాణ్ణి చూడ్డానికి జబ్బు నటించి ఊళ్ళో ఉండిపోయేవాడు ఎవరు? సైకిలు అద్దె ఇచ్చే పంతులు ఎవరు?

మొన్న సాయంత్రం కాలవ గట్టున నడుస్తుంటే డిగ్రీ చదివే కుర్రాడొకడు ఆపాడు. ఎక్కడో ఆటగాళ్ళను తీసుకుంటున్నారట, ఆడుతుండగా వీడియో తీసి పంపమన్నారట. స్నేహితులు ఆరుగురూ చేలో గీతలు గీసి సిద్ధంగా ఉన్నారు. తీసేవాళ్ళు లేరు. ఫోను నా చేతికిచ్చి ఎక్కడ నొక్కాలో చూపించాడు. నేను దూరంగా నిలబడితే అందరూ పడతారనుకున్నాను.

“అలా కాదు మాస్టారూ, కాస్త దగ్గరగా రండి. కూత వినబడాలండి.”

దగ్గరికి వెళ్ళాను. మూడుసార్లు తీశాం. మొదటిదాంట్లో నా వేలు అడ్డొచ్చింది. రెండోదాంట్లో అతను గీత ముట్టుకునే ముందే పట్టుబడ్డాడు. మూడోది బాగా వచ్చిందనుకున్నాం గాని, పెట్టి చూస్తే గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. చీకటి పడింది. రేపు కాస్త పెందరాళే రమ్మన్నాడు.